బండి తొట్టిలో ఏం పరచాలి?

మద్దిలేటికి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. కారణం బండి తొట్టిలో పడ్డ గీతలు.

గుండ్లకొండ మీద ఓబులయ్య స్వామి ఆశ్రమానికి భక్తులు ఒక పికప్ బండి కొనిచ్చారు. చుట్టుపక్కల పల్లెల్లో లేవలేని రోగులను కడప ఆసుపత్రికి తీసుకుపోయి, మళ్లీ ఇంటికి చేర్చడం దాని పని. ఆశ్రమానికి రాకముందు పదేళ్లు లారీ తోలినవాడు కాబట్టి, స్వామి ఆ పని శిష్యుడు మద్దిలేటికి అప్పజెప్పాడు. మద్దిలేటి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ముందు నల్లతాడు కట్టాడు. రోజూ పొద్దున్నే స్వామికి దండం పెట్టేముందు బండిని తుడిచేవాడు. స్వామి చూసి నవ్వుకునేవాడు.

అక్కడి పల్లెల్లో నడుమో తుంటో విరిగిన మనిషిని మంచం మీంచి దించరు. దించితే ప్రాణం పోయినంత నొప్పి. అందుకని నలుగురు కలిసి మంచంతో సహా ఎత్తి తొట్టిలో పెడతారు. అన్నీ ఇనుప మంచాలు. గుంతల దారిలో బండి ఎగిరినప్పుడల్లా వాటి కోళ్లు తొట్టి అడుగును గీరేవి. మొదటి గీత పడ్డరోజు మద్దిలేటి దాన్ని సాయంత్రం దాకా తడిగుడ్డతో రుద్ది చూశాడు. పదో గీత పడ్డాక ఇక ఆగలేక స్వామి దగ్గరికి వచ్చాడు.

"స్వామీ, తొట్టిలో ఏదన్నా పరిపించాల. కడపలో మస్తాన్ అంగడికి ఫోన్ చేసినా. మూడు రకాలున్నాయంట. తొట్టికి అతికినట్టు కూర్చునే గట్టి ప్లాస్టిక్ తొడుగు ఒకటి, మందం రబ్బరు మ్యాటు ఒకటి, పెయింటు మాదిరి కొట్టే పూత ఒకటి. లోడు ఏమని అడిగినాడు. ఇనుప మంచాలని చెప్పినా. అట్లయితే ప్లాస్టిక్ తొడుగే మేలన్నాడు. మీరేమంటారు?"

"నాకేం తెలుసు నాయనా?" అన్నాడు స్వామి. "రేపు సుంకమ్మను తీసుకుపోవాల గదా?"

సుంకమ్మ కొండ కింద పల్లెలో ఒంటరిగా ఉండే ముసలమ్మ. తుంటి విరిగితే నెల కింద ఆపరేషన్ చేశారు.

"ఆయమ్మ రానంటాంది స్వామీ. పోయినసారి దారి పొడుగునా ఒకటే అరుపులు. ఇప్పుడు బండి పేరెత్తితే గోడ పక్కకు తిరిగి పండుకుంటాంది. మొండి మనిషి."

"కుట్టు ఎట్లుంది?"

"చీము పట్టింది. రేపు చూపించకపోతే కష్టమని డాక్టరు ఫోన్‌లో చెప్పినాడు." అంతలోనే మద్దిలేటికి అసలు సంగతి గుర్తొచ్చింది. "ప్లాస్టిక్‌దే చెప్పమంటారా స్వామీ?"

స్వామి లేచి కండువా భుజాన వేసుకున్నాడు.

"పా, కడపకు పోయి చూసొద్దాం. మన ఇనుప మంచం తొట్టిలోకి ఎక్కించు."

"మంచం ఏంటికి స్వామీ?"

"నేను పండుకునేదానికి."

మద్దిలేటి బతిమాలాడు. ముందు సీటులో కూర్చోమన్నాడు, చేతులు జోడించాడు. డెబ్బై ఎనిమిదేళ్ల స్వామి అప్పటికే తొట్టిలోకి ఎక్కి, మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

బండి కదిలింది. మొదటి గుంతలో చక్రం పడగానే వెనక మంచం కిర్రుమంది. మద్దిలేటి అద్దంలోకి చూశాడు. రోజూ కళ్లకద్దుకునే పాదాలు రెండూ ఒక్కసారి ఎగిరి పడ్డాయి. అతని కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

ఆ తర్వాత ఆ లారీ డ్రైవరు బండి తోలిన తీరు ఎవరన్నా చూసి ఉంటే నవ్వేవాళ్లు. ప్రతి గుంతలోకీ ఒక చక్రం దించి, అది ఎక్కాక రెండోది దించాడు. అడ్డమున్న రాయిని దిగి పక్కకు జరిపాడు. దారికి అడ్డంగా పారే వంక దగ్గర మళ్లీ దిగి, సీటు వెనకున్న తన దుప్పటి తీసి నాలుగు ముక్కలుగా చించి, మంచం కోళ్ల కింద మడిచి పెట్టాడు. ఒక గొర్రెల మంద వాళ్లను దాటుకుని ముందుకు పోయింది. గంట ప్రయాణానికి రెండున్నర గంటలు పట్టింది.

అంగడి ముందు బండి ఆగగానే మస్తాన్ మూడు రకాల ముక్కలూ తెచ్చి తొట్టి అంచు మీద పెట్టాడు. "లోడు ఇనుప మంచాలే గదన్నా? ప్లాస్టిక్ వేసుకుంటే ఒక్క గీత పడదు."

మద్దిలేటి జవాబు చెప్పబోయి ఆగాడు. స్వామి ఇంకా కళ్లు తెరవలేదు. అంత మెల్లగా వచ్చినా ఆయన రెండు చేతులూ మంచం పట్టెలను బిగించి పట్టుకునే ఉన్నాయి. వేళ్ల కణుపులు తెల్లగా పాలిపోయాయి. పోయినసారి సుంకమ్మను తాను నలభై నిమిషాల్లో చేర్చాడు. అది గుర్తొచ్చి మద్దిలేటి మస్తాన్ వైపు తిరిగాడు.

"మనుషులు," అన్నాడు. "లోడు మనుషులన్నా. నొప్పితో ఉండేవాళ్లు."

"ముందే చెప్పద్దా!" అని మస్తాన్ ప్లాస్టిక్ ముక్కను తీసి పక్కన పడేశాడు. "దీని మీద మంచం జారి మలుపు మలుపుకీ పక్కలకు కొట్టుకుంటాది. పూత జారదుగానీ, కుదుపు అట్లనే తగుల్తాది. మందం రబ్బరు వేసుకో."

రబ్బరు పరిచారు. గీతలన్నీ దాని కిందికి పోయాయి. పరిచేటప్పుడు మద్దిలేటి వాటివైపు చూడనైనా లేదు.

మర్నాడు మద్దిలేటి సుంకమ్మ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "అవ్వా, ఈ ఒక్కసారికి రా. నొప్పి పుడితే చెయ్యెత్తు. యాడుంటే ఆడ ఆపేస్తా." ఆమె నమ్మలేదు. స్వామి తానూ పక్కన కూర్చుంటానంటే ఒప్పుకుంది.

మంచం తొట్టిలోకి ఎక్కించగానే కొంగు నోట్లో కుక్కుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. స్వామి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బండి కదిలింది. వంక దాటింది. పెద్ద మలుపు తిరిగింది. కొంగు నోట్లోంచి జారిపోయిన సంగతి సుంకమ్మకు తెలియలేదు. చాలాసేపటికి కళ్లు తెరిచి ఆకాశాన్ని చూసింది.

"సామీ, రోడ్డేసినారా?"

తొట్టిలో కూర్చున్న స్వామికి వెనక కిటికీ అద్దంలోంచి ముందు సీటు కనిపిస్తోంది. మద్దిలేటి స్టీరింగు మీదికి వంగి, దారి మీంచి చూపు తిప్పకుండా తోలుతున్నాడు.

"అవునమ్మా," అన్నాడు స్వామి. "నిన్ననే ఏసినారు."