గూబల కనుమలో మద్దక్క ఈల

ఏమప్పా, మీ ఇద్దరికీ ఇంత అరుగు చాలలేదా? తోసుకోవద్దండి, ఇద్దరూ కింద పడతారు. ఇటు తిరిగి కథ వినండి. నేను అనగా అనగా అంటాను, మీరు ఊ కొట్టాల. ఊ కొట్టకపోతే ఎద్దూ నడవదు, కథా నడవదు. ఆ, అట్లా!

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా పుట్టని కాలంలో, గూబల కనుమ అని ఒక కనుమ. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, నడుమ ఒక్క బండి పట్టే దోవ. ఒక్కటంటే ఒక్కటే. పై ఊళ్ళనుంచి చింతపండు బండ్లు దిగాల. కింది ఊళ్ళనుంచి ఉప్పు బండ్లు ఎక్కాల. చింతపండు రాకుంటే కిందోళ్ళకు పులుసు లేదు. ఉప్పు పోకుంటే పైవాళ్ళకు గొంతులోకి ముద్ద దిగదు.

మరి రెండు బండ్లు ఎదురుపడితే? అదే కదా కథ.

బండ్లోళ్ళకు ఒక ఆచారం ఉండె. కనుమ మొదట్లో కాడికి పసుపు పూసి టెంకాయ కొడతారు. కొట్టినాక బండి వెనక్కి నడపకూడదు, నడిపితే ఇంటికి అరిష్టం. అంతటితో ఆగినా బాగుండు. తగ్గి వచ్చినోడికి ఊరంతా చేరి మీసం గొరిగేది! అందుకని ఎదురుపడిన ఇద్దరిదీ ఒకటే మాట.

"కాడి ముందుకే గానీ వెనక్కి లేదు!"

వీడూ అదే, వాడూ అదే. గొంతులు పోయేదాకా అరుచుకునేది. ఆఖరికి కర్రలు, తోపులాట, ఏదో ఒక బండి లోయలోకి. ఎద్దులు పాపం ఏం చేసినాయి? వాటికి మీసాలు కూడా లేవు.

ఆ కనుమ కింద మేకలు కాసుకుంటా ఉండేది మద్దక్క. ఆమె మొగుడు గిడ్డప్ప ఉప్పు బండి తోలేవాడు. ఒకనాడు ఎదురుపడినోడితో "కాడి ముందుకే గానీ వెనక్కి లేదు" అన్నాడు. అదే ఆయన ఆఖరి మాట. బండి, ఎద్దులు, మనిషి, అన్నీ లోయలోకే పోయినాయి. "మగాడంటే గిడ్డప్పే, తగ్గలేదు" అని ఊరంతా పొగిడింది. "తగ్గింటే ఈ పొద్దు సంగటి తింటా ఉండేవాడు కదరా" అని మద్దక్క ఏడ్చింది. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

ఆమెకు ఒక్కడే కొడుకు, సిద్ధన్న. వాడికి మీసం వచ్చింది. మీసం వచ్చిందో లేదో ఉప్పు బండి కట్టినాడు.

"వద్దు నాయనా, మేకలు కాసుకుందాం."

"మా నాయన పోయిన దోవలో పోకుంటే జనం ఏమంటారమ్మా?"

"మీ నాయన పోయిన దోవ లోయలోకి రా!"

వాడు వింటాడా? తండ్రి మొండితనమంతా మూట కట్టుకొని పుట్టినోడు. ఆ బండి కనుమ ఎక్కిన ప్రతిసారీ మద్దక్క గుండెల్లో రాయి పడేది. మొగుణ్ణి తిన్న దోవ కొడుకును కూడా తింటుందని ఆమె భయం. కొడుకును మార్చలేను, దోవనన్నా మారుస్తానని గడ్డపార తీసుకొని కొండెక్కింది.

ఆమె ఆలోచన ఏమంటే, కొండ పక్కన తొలిచి ఒక బండి ఒదిగి నిలబడేంత చోటు చేయాల. ఒక బండి పక్కకు పోతే ఇంకొకటి దాటిపోతుంది. వెనక్కి నడిచే పనే లేదు. ఆ చోటుకు ఒదుగు అని పేరు పెట్టుకునింది.

మొదటిసారి మట్టి మెత్తగా ఉన్నచోట తవ్వింది. సులువుగా వచ్చింది. తీరా చూస్తే అది మలుపు చాటున ఉంది. ఎక్కేవాడికి దిగేవాడు కనపడడు, దిగేవాడికి ఎక్కేవాడు కనపడడు. ఒదుగు దాటిపోయినాక ఎదురుపడితే ఏం లాభం? "ఏమక్కా, మేకలకు పడకటిల్లు కడతా ఉండావా?" అని బండ్లోళ్ళు నవ్వినారు.

రెండోసారి మలుపు కొసన తవ్వింది, రెండు వైపులా దోవ కనపడేచోట. అక్కడ అంతా గట్టినేల. చేతులు బొబ్బలెక్కినాయి. కొండ మట్టి జారకుండా రాళ్ళు పేర్చి, సందు లేకుండా బంకమట్టి మెత్తి గోడ కట్టింది. నున్నగా భలే ఉండె. మొదటి వానకు గోడ కడుపు ఉబ్బింది. రెండో వానకు బోర్లా పడింది. ఈసారి నవ్వినోళ్ళలో సిద్ధన్న కూడా ఉండాడు.

కన్నకొడుకు నవ్వితే ఏ తల్లికైనా ఎట్లుంటుంది? పడిన గోడ పక్కన కూలబడి ఏడ్చింది. వానలోనే ఇంటికొచ్చి మేకల దొడ్డిలో నిలబడింది. దొడ్డి గోడ కూడా కొండవాలులోనే ఉంది. ఆమె అవ్వ కట్టిన గోడ. మట్టి లేదు, సున్నం లేదు, ఉత్త రాయి మీద రాయి. ఆ సందుల్లోనుంచి వాననీళ్ళూ మేకల ఉచ్చా కలిసి బుడబుడా కారిపోతా ఉండాయి. నవ్వొద్దండి, కథకు అదే ముఖ్యం. గోడ మాత్రం ఇసుమంత కదలలేదు.

"ఓసి నా మొగమా!" అనింది మద్దక్క. "నీళ్ళకు దోవ ఇయ్యకపోతే తోసుకొని పోతాయి. అవీ మన మగోళ్ళ మాదిరే!"

మూడోసారి అడుగున వెడల్పుగా పెద్ద రాళ్ళు వేసింది. గోడను కొంచెం కొండ వైపుకు వాల్చింది. నీళ్ళు పోయేదానికి సందులు విడిచింది. ఆ సందుల్లో కారే నీళ్ళు పట్టేదానికి కింద ఒక రాతి తొట్టి పెట్టింది. వానలన్నీ వచ్చినాయి, పోయినాయి. గోడ నిలిచింది!

ఒదుగు నిలిచింది సరే, ఒదిగే మగోడు యాడ? పక్కకు పోయినా తగ్గినట్లేనంట. "మేకలామె గుంతలో దూరి మీసం పోగొట్టుకునేదా?" అన్నారు. చూడండి వీళ్ళ తెలివి! చావడానికి ఒప్పుకుంటారు, పక్కకు పోవడానికి ఒప్పుకోరు.

మండే ఎండాకాలం వచ్చింది. గోడ సందుల్లో ఊట ఎండిపోయింది. అయినా మద్దక్క కడవతో నీళ్ళు మోసి తొట్టి నింపతా ఉండేది. ఒక మిట్టమధ్యాహ్నం కింద నుంచి సిద్ధన్న ఉప్పు బండి వచ్చింది. పైనుంచి హంపన్న చింతపండు బండి దిగింది. హంపన్న అంటే పై ఊళ్ళలో మీసం మీద నిమ్మకాయ నిలబెట్టే మొనగాడు. ఒదుగుకు ఆ పక్క ఒక బండి, ఈ పక్క ఒక బండి నిలిచినాయి.

"కాడి ముందుకే గానీ వెనక్కి లేదు!" అన్నాడు హంపన్న.

"కాడి ముందుకే గానీ వెనక్కి లేదు!" అన్నాడు సిద్ధన్న.

ఎక్కే బండి కదా, ఉప్పు బరువుకు వెనక్కి జారబోయింది. సిద్ధన్న చక్రం కింద రాయి పెట్టినాడు. రాయి కూడా జారతా ఉండె. వెనకాలే మలుపు, మలుపు కింద లోయ. తొట్టి కాడ కడవ వంపతా ఉన్న మద్దక్క అరవబోయి ఆగింది. గిడ్డప్పకు ఎన్ని మాటలు చెప్పలేదు? ఏ మాట పనికొచ్చింది? అప్పుడు ఆమె చూపు హంపన్న ఎద్దుల మీద పడింది. దప్పికతో నురగలు కక్కతా ఉండాయి.

మద్దక్క పెదవులు ముడిచి ఈల వేసింది. ఎద్దులకు నీళ్ళు తాపేటప్పుడు వేస్తామే, సన్నగా, సాగదీసి, ఆ ఈల.

ఒకసారి వేసింది. సిద్ధన్న ఎద్దులకు జారే బరువు ఆపుకునేదే సరిపోయింది, హంపన్న ఎద్దులు చెవులు నిక్కించినాయి. రెండోసారి వేసింది. మెడలు తిప్పినాయి. మూడోసారి తొట్టిలో చెయ్యి పెట్టి నీళ్ళు కలబెడతా వేసింది. అంతే! హంపన్న పగ్గాలు లాగినా, హోయ్ హోయ్ అని అరిచినా వినేదెవరు? రెండు ఎద్దులూ బండిని ఈడ్చుకొని ఒదుగులో దూరి తొట్టిలో మూతులు పెట్టినాయి. దోవ ఖాళీ!

"తోలరా నాయనా, తోలు!" అని అరిచింది మద్దక్క. సిద్ధన్న అదిలించినాడు. ఉప్పు బండి కిర్రుమంటా పైకి పోయింది. బతికిపోయినాడు బిడ్డ. మద్దక్క కండ్ల నీళ్ళు కూడా ఆ తొట్టిలోనే పడినాయి.

ఇక హంపన్న మొగం చూడాల! మీసం మీద చెయ్యి అడ్డం పెట్టుకొని నిలబడినాడు.

"అక్కా, నేను తగ్గినట్లేనా?"

"నువ్వు యాడ తగ్గినావు నాయనా? ఎద్దులు నీళ్ళకు పోయినాయి. దప్పికైన గొడ్డును ఆపితే పాపం కదా. మీసం తిప్పుకొని పో."

హంపన్న ఆ మాటను నోట్లో చప్పరించి చూసినాడు. రుచిగానే ఉంది. "అవునక్కా! నేను తగ్గలేదు. ఎద్దులు నీళ్ళకు పోయినాయి!" అని ఫక్కున నవ్వినాడు. కింద సంతలో అడిగినోడికీ అడగనోడికీ అదే చెప్పినాడు. ఒక్కడు కూడా మంగలికత్తి తీయలేదు.

ఇంకేముంది? అందరి ఎద్దులకూ దప్పికే! "ఎక్కే బండి ఆగితే జారుతుంది, దిగేవాడి ఎద్దులే నీళ్ళకు పోవాల" అనింది మద్దక్క. సరే అన్నారు. గుంత అని ఎగతాళి చేసినోళ్ళే గడ్డపారలు తెచ్చి కనుమ పొడుగునా ఒదుగులు తొలిచినారు. గోడలకు సందులు విడిచినారు. అందరికంటే ముందు గడ్డపార ఎత్తినోడు సిద్ధన్న. ఆ తర్వాత ఆ లోయలోకి ఒక్క బండి పోలేదు. సిద్ధన్న మీసం తెల్లబడేదాకా బండి తోలినాడు.

మద్దక్క నిండా బతికి కన్నుమూసింది. పాడెను కనుమలోకి ఎక్కిస్తా ఉంటే, దిగే బండ్లన్నీ ఒదుగుల్లోకి పోయి నిలిచినాయి. ఒక బండి కాడ ఈల లేచింది. దాని వెనకాల ఇంకొకటి. కొండ కొండంతా నీళ్ళ ఈలే! ఆమె చేత్తో కట్టి నిలబెట్టిన గోడ పక్కనే ఆమెను మట్టి చేసినారు.

ఇప్పుడు ఆడ తార్రోడ్డు. బస్సులు, లారీలు. అయినా దిగే డ్రైవరు ఒదుగులోకి తిప్పి, ఎక్కేవాడు దాటిపోయేదాకా సన్నగా ఈల వేస్తాడు. లారీకి ఎద్దులు యాడివి? అయినా వేస్తాడు. దిగి తొట్టిలో ఒక చెంబు నీళ్ళు పోస్తాడు. గోడ సందులు పూడుస్తామని ఎవడైనా సిమెంటు తెస్తే మా ముసలోళ్ళు గసిరి పంపుతారు.

మా ఊళ్ళలో అన్నదమ్ములు గట్టు కాడ కొట్లాడుకున్నా, మొగుడూ పెండ్లాం అరుచుకున్నా, ఎవరో ఒకరు ముందుగా నోరు మూసుకుంటారు చూడండి, వాళ్ళను ఓడిపోయినారని ఎవరూ అనరు. "తగ్గలేదులే, నీళ్ళకు పోయినాడు" అంటారు.

కథ కనుమ దాటింది. ఏమప్పా, అరుగు మీద చోటు కోసం తోసుకున్నోళ్ళు! మీలో ఎవరు నీళ్ళకు పోతారు?