ఏతం మీద ఏడో అడుగు

"నేను నాలుగు మణుగులు. నిండిన బొక్కెన ఆరు మణుగులు. నాలుగు ఆరుని ఎలా లేపుతుంది స్వామీ? ఇంకో మనిషి ఉండాల్సిందే," అన్నాడు గవరయ్య.

నాగావళి ఒడ్డున ఆ ఆశ్రమంలో లెక్కంటే గవరయ్యే. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తాడు. కానీ గుంజ మీద తూగే పొడుగాటి ఏతం మానుని తొక్కి బావి నీళ్లు తోడే అసిరయ్య మూడు రోజులుగా జ్వరంతో పడున్నాడు. నారుమడి నెర్రెలిచ్చింది. ఈ పూట తడి అందకపోతే ఆశ్రమానికి ఈ ఏడు వరి లేదు.

"బరువొక్కటే చూస్తే ఎలా? గుంజకి ఎన్ని అడుగుల దూరాన ఉందో దాంతో గుణించు," అన్నాడు రామజోగి స్వామి.

గవరయ్యకి నవ్వొచ్చింది. "బుట్టకి నాలుగు కాయల చొప్పున ఆరు బుట్టలంటే ఇరవై నాలుగు కాయలు. మణుగుల్ని అడుగులతో గుణిస్తే ఏమొస్తుంది స్వామీ? అంతగా కావాలంటే రెండూ కూడుదాం."

అరుగు మీద దుప్పట్లోంచి అసిరయ్య తల బయటపెట్టాడు. "నాను లెక్క రాకుండానే ఇరవయ్యేళ్లు తొక్కినాను బావూ. నీ లెక్కకి నారు తడుస్తాదేటి?"

స్వామి గవరయ్య చెయ్యి పట్టుకుని ఏతం మాను ఎక్కించి, సరిగ్గా గుంజ మీద నిలబెట్టాడు.

"ఇక్కడ నీ దూరమెంత?"

"సున్నా."

"కూడు."

"నాలుగూ సున్నా, నాలుగు."

బావిలో బొక్కెన ఉలకలేదు, పలకలేదు.

గవరయ్య నవ్వు ఆగిపోయింది. గుణిస్తే సున్నా. నాలుగు మణుగుల మనిషి, మాను మీద నిలబడి ఉండీ లేనట్టే!

అతను బొక్కెన వేలాడే కొస వైపు చూశాడు. గుంజ నుంచి నాలుగు అడుగులు. పెదవులు కదిలాయి. రెండో కొస వైపు తిరిగి, మడమకి వేళ్లు ఆనిస్తూ నడిచాడు. ఒకటి. రెండు. మూడో అడుగుకి మాను కిర్రుమంది. ఐదో అడుగుకి బావిలో నీళ్లు కదిలిన చప్పుడు.

ఆరో అడుగుకి బొక్కెన నీటి పైకొచ్చి ఆగింది. అరికాళ్ల కింద మాను పైకీ పోదు, కిందికీ రాదు.

"ఎంత?" అన్నాడు స్వామి, బొక్కెన అందుకోవడానికి గట్టున వంగుతూ.

"ఇరవై నాలుగు స్వామీ. అటూ అంతే, ఇటూ అంతే."

"ఇరవై నాలుగు ఏమిటి? కాయలా?"

గవరయ్యకి అరికాళ్ల కింద అది మానుని వాల్చే బలమని తెలుస్తూనే ఉంది. పంచె ఎగ్గట్టి, దాన్ని ఇరవై ఎనిమిది చేసే ఏడో అడుగు వెయ్యడానికి కాలెత్తాడు.