రాజుగారి నడుమూ, ఒక్క గుక్క బిరుదులూ

కుందనగిరి అని ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే ప్రచండభూపాలుడికి బిరుదులంటే మహా పిచ్చి. వందిమాగధులు ఆయన బిరుదులు చదవడం మొదలుపెడితే వినేవాళ్ళకి కాళ్ళు తిమ్మిరెక్కేవి. అన్నిటిలోకీ ఆయనకి ముద్దైన బిరుదు 'వేదనావిజేత'. నొప్పి అన్నదాన్నే జయించినవాడని అర్థం.

అలాంటి ప్రభువుకి ఒక పొద్దున గుర్రం దిగబోతుంటే నడుం పట్టేసింది. దిగినవాడు దిగినట్టే వంగిపోయాడు పాపం. కూర్చోలేడు, లేవలేడు, తుమ్మితే ప్రాణం పోతుంది. అయినా నొప్పి అని మాత్రం నోట అనడు. నవ్వితే నడుం కలుక్కుమంటోందని రాజ్యంలో నవ్వునే నిషేధించి, నవ్వడం మర్యాద కాదని చాటింపు వేయించాడు. మంత్రిగారైతే స్వామిభక్తి కొద్దీ తానూ వంగి నడవడం మొదలుపెట్టాడు.

నవ్వే లేకపోతే విదూషకుడికి పనేముంది? ఆస్థాన విదూషకుడు ఓబళయ్య ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. అంతలో అతని బావమరిది పోలన్నని చెరసాలలో వేశారని కబురొచ్చింది.

ఈ పోలన్న జెట్టి. కుస్తీ పట్టడమూ, పట్టేసిన ఒళ్ళు సరిచెయ్యడమూ వాళ్ళింటి విద్యలు. మహారాణి చాటుగా పిలిపిస్తే వెళ్ళాడు. రాజుగారి నడుం మీద మోచెయ్యి ఆనించాడో లేదో, వేదనావిజేత "చచ్చాన్రా నాయనో" అని కోటంతా వినబడేలా అరిచాడు. ఆ పరువుతక్కువకి ఒళ్ళు మండి, రేపు సభలో విచారించి వీడి రెండు చేతులూ నరకండని ఆజ్ఞ వేశాడు.

ఓబళయ్య భార్య తిరుమలమ్మ పొయ్యి ఆర్పేసింది. తమ్ముడు రెండు చేతులతో ఇంటికొస్తేనే మళ్ళీ వెలిగిస్తానంది. ఓబళయ్య లబోదిబోమంటూ చెరసాలకి పరిగెత్తాడు. తీరా చూస్తే పోలన్న కటకటాల వెనక దర్జాగా మీసం దువ్వుకుంటున్నాడు.

"నా తప్పేం లేదు బావా," అన్నాడు. "కమలాపండు తొన మీద పలచటి పొర ఉంటుంది చూడు, మన కండల మీదా అలాంటి పొరే ఉంటుంది. ఆయనకది తుంటి పైన బిగుసుకుపోయింది. వేడి నూనె రాసి, నిదానంగా నొక్కిపట్టి ఉంచితే అదే విడిపోతుంది. కానీ ఆ మహానుభావుడు నొప్పి లేదని చూపించుకోడానికి ఊపిరి బిగబట్టాడు. ఊపిరి బిగిస్తే ఒళ్ళు రాయైపోతుంది. వదలండి ప్రభూ అంటే, మాకే ఆజ్ఞ వేస్తావా అని ఇంకా బిగించాడు."

ఊపిరి వదిలితే చాలా అని ఓబళయ్య అడిగాడు. మిగతాది నా మోచెయ్యి చూసుకుంటుందన్నాడు పోలన్న. ఓబళయ్య బుర్ర గోక్కున్నాడు. గోక్కుంటూనే ఒక్కసారి ఎగిరి గంతేశాడు.

మర్నాడు సభ క్రిక్కిరిసిపోయింది. వీడు ప్రభువుని నొప్పించాడని మంత్రి వంగినవాడు వంగినట్టే నేరం చదివాడు. ఓబళయ్య చేతులు కట్టుకుని లేచాడు.

"ప్రభువులకి నొప్పి కలిగిందా?"

రాజు గతుక్కుమన్నాడు. కలిగిందంటే బిరుదు పోతుంది. "మాకు నొప్పేమిటి? ఆ అరుపు వాడిని హెచ్చరించడానికి."

"అయితే అదే నిండు సభలో రుజువు చేద్దాం ప్రభూ. వాడు మళ్ళీ అదే చోట నొక్కుతాడు. తమరు తమ బిరుదులన్నీ ఒక్క గుక్కలో, మధ్యలో ఊపిరి పీల్చకుండా చదవండి. నొప్పి ఉన్నవాడి వల్ల అది కాదు. తమరు మళ్ళీ అరిస్తే వాడి చేతులతో పాటు నా తలా తీయించండి."

బిరుదులు చదవమంటే కాదనే రాజేనా ఆయన! తివాచీ మీద బోర్లా పడుకున్నాడు. పోలన్న గోరువెచ్చని నువ్వుల నూనె రాసి, తుంటి పైన మోచెయ్యి ఆనించాడు.

"ఆరు కొండల అధినాథ, అరివీరగజసింహ, సంగ్రామభయంకర..." బిరుదులు సాగుతున్నకొద్దీ ఊపిరి బయటికి పోతోంది. ఊపిరి పోయినకొద్దీ ఒళ్ళు మెత్తబడుతోంది, మోచెయ్యి లోపలికి దిగుతోంది. ఓబళయ్య చెయ్యి దానంతటదే మెడ తడుముకుంది. రాజు గొంతు సన్నబడి సన్నబడి ఆఖరి బిరుదు దగ్గరికొచ్చింది. "వేద..." అన్నాడు. అక్కడితో ఊపిరి అయిపోయింది. వెనకే ఆయన నోటినుంచే "హమ్మయ్య" అని ఒక పెద్ద నిట్టూర్పు వచ్చింది.

ఆఖరి బిరుదు పూర్తి కాలేదు, ఇద్దరికీ శిక్ష వెయ్యాల్సిందేనని మంత్రి పట్టుబట్టాడు. ఆ గొడవలోనే రాజు లేచి నిలబడ్డాడు. నిటారుగా! ఎడమకి తిరిగాడు, కుడికి తిరిగాడు, ఏమీ కలుక్కుమనలేదు.

"మంత్రిగారూ," అన్నాడు ఓబళయ్య, "నిన్నటిదాకా ప్రభువులు ఆ బిరుదు నోటితో చెప్పేవారు. ఇవాళ నడుముతో చెబుతున్నారు, చూడండి."

రాజు పెదవి బిగించాడు. ఆగలేదు. ఫక్కున నవ్వాడు. అలవాటు కొద్దీ చెయ్యి నడుం మీదికి పోయింది గానీ అక్కడ నొప్పి ఉంటేగా! మరింత నవ్వాడు. అప్పటికప్పుడే నిషేధం ఎత్తేసి, నరకమన్న చేతులకే బంగారు కడియాలు తొడిగాడు. నీకేం కావాలో కోరుకోమని ఓబళయ్యనీ అడిగాడు.

"మంత్రిగారి నడుం బాగుచేయించండి ప్రభూ. తమ కోసం వంగీ వంగీ నిజంగానే పట్టేసింది."

"ఆయనకి బిరుదుల్లేవే. ఏం చదివిస్తావు?"

"చదవక్కర్లేదు. నవ్వితే చాలు, ఊపిరి దానంతటదే వదులుతుంది. పాపం, ఇన్నాళ్ళూ తమరు నవ్వనివ్వలేదు గానీ."

సభంతా గొల్లుమంది. వంగి ఉన్న మంత్రి కూడా ఆపుకోలేక నవ్వేశాడు. బావా బావమరుదులు కడియాలు గలగలలాడించుకుంటూ ఇంటికొచ్చేసరికి తిరుమలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ముందు తమ్ముడి చేతులు రెండూ తడిమి చూసుకుని, ఆ తరవాత లోపలికెళ్ళి పొయ్యి వెలిగించింది.