కొండదేశపు కంబళి

నన్నేసాహెబు ఆరేళ్ళు దేశాలు తిరిగి, తుంగభద్ర ఒడ్డున ఉండే తన సూఫీ గురువు గఫార్ షా దగ్గరికి తిరిగొచ్చాడు. చూసినవన్నీ రాసుకున్న లావుపాటి పుస్తకం వెంట తెచ్చుకున్నాడు. రోజూ సాయంత్రం ఊరివాళ్ళు చుట్టూ చేరి అది చదివించుకునేవాళ్ళు, పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు.

కొన్నాళ్ళకు అతనికి దిగులు పట్టుకుంది. ఒకరోజు గురువు పక్కన చేరి, "హజ్రత్, వచ్చిన కొత్తలో కళ్ళు మూసుకుంటే చాలు, ఆ కొండలు కనబడేవి. ఇంటికప్పుల మీద ఆరబోసిన ఖూబానీ పండ్ల వాసన వచ్చేది. చదివినకొద్దీ అవన్నీ నాకు దూరమైపోతున్నాయి" అన్నాడు.



మూడోనాడు ఆ కొండదేశం నుంచే గుర్రాలు అమ్ముకోవడానికి వచ్చిన రుస్తం బేగ్ అనే పెద్దాయన అక్కడ బస చేశాడు. భోజనాలయ్యాక గురువు పుస్తకం తెప్పించారు.

"అతిథికి వాళ్ళ దేశం సంగతి వినిపించు. వాళ్ళ భాషలోనే."

నన్నేసాహెబు సంబరంగా, ఊరివాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే పుట తీశాడు. మంచుతుఫానులో తనకు చోటిచ్చిన ఒక ముసలమ్మ గురించి రాసిన పుట అది. మనిషి ఎండిన అంజూరపు పండులా ఉందని, ఆమె ఇచ్చిన కంబళి గొర్రెకంపు కొట్టిందని, అక్కడి ఆడవాళ్ళు ఊరికే ఏడుస్తారని రాశాడు.

చెప్పబోయి ఆగిపోయాడు. ఆ భాష అతనికి నేర్పింది ఆ ముసలమ్మే. మంచు కరిగేదాకా నలభై రోజులు పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని నిప్పు, నీళ్ళు, రొట్టె అని ఒక్కొక్క మాటే పలికించింది. ఆ మాటలతో ఈ వాక్యాలు ఎంతకీ నోటికి రాలేదు.

రుస్తం బేగ్ ఎదురుచూస్తున్నాడు. నన్నేసాహెబు పుస్తకం మూసేసి, గుర్తున్నది చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె పేరు గుల్ బీబీ. ఆ కంబళి మంచులో పోయిన ఆమె కొడుకుది. వాడు పోయాక దాన్ని ఇంకెవరికీ కప్పలేదట. చలికి వణుకుతున్న తనకు కప్పి, గోడవైపు తిరిగి ఏడ్చింది. సెలవు తీసుకున్న రోజు కొండమలుపు దాకా నడిచొచ్చి, చెయ్యి పట్టుకుని అడిగింది.

"మీ ఊళ్ళో నా గురించి ఏం చెప్తావు, బిడ్డా?"

అక్కడితో అతను ఆపేశాడు. రుస్తం బేగ్ తలపాగా చెరగుతో కళ్ళు ఒత్తుకున్నాడు. తను తిరిగి వెళ్ళే దారి ఆమె ఉండే లోయ మీదుగానేనని, చెప్పవలసిన మాట ఏదైనా ఉంటే ఆమెకు చేరవేస్తానని చెప్పి, గుర్రాలను చూసుకోవడానికి బయటికి వెళ్ళాడు.

నన్నేసాహెబు పుస్తకాన్ని మళ్ళీ ఆ పుట దగ్గర తెరిచాడు. దాని మీద చెయ్యి వేసి, చించెయ్యమంటారా అని గురువును అడిగాడు.

"ఆమె ముందు చదవగలిగినంత ఉంచు" అన్నారు గఫార్ షా.

నన్నేసాహెబు కలం తీసుకుని, పుస్తకాన్ని మొదటి పుటకు తిప్పాడు.