నీ ఇల్లే అనుకో

ఇందాక మన ఇంటి ఓనరు వచ్చి, "రంగు మీరే వేసుకోండి, మీ ఇల్లే అనుకోండి" అన్నాడు చూడు, మీ అమ్మ మురిసిపోయింది. నాకు మాత్రం ఈ కథ గుర్తొచ్చింది. దుప్పటి కప్పుకో, చెబుతాను.

అనగనగా ఒక ఊళ్ళో, ఏరు సముద్రంలో కలిసే చోట, ఒక చెక్క గోడల ఇల్లు ఉండేది. పాత పడవల బల్లలతో కట్టిన ఇల్లు. ఉప్పుగాలికి రంగంతా పొరలు పొరలుగా లేచిపోయింది. అందులో ఏడుకొండలు, వాడి పెళ్ళాం మాణిక్యం అద్దెకుండేవారు. ఏడుకొండలు పడవలకి రంగులేసేవాడు. మాణిక్యానికి నెలలు నిండుతున్నాయి. పెళ్ళయ్యాక అప్పటికే అది మూడో ఇల్లు పాపం. "చంటిబిడ్డనెత్తుకుని ఇంకో గుమ్మం ఎక్కలేనయ్యా" అనేది మాణిక్యం.

ఒకరోజు ఇంటి యజమాని భద్రంగారు వచ్చాడు. రంగు వేయించమని ఏడుకొండలు అడిగాడు.

"నువ్వే వేసుకోవయ్యా. నీ ఇల్లే అనుకో" అన్నాడాయన.

ఆ మాట అందరూ అంటారు. చుట్టానికి కాఫీ ఇచ్చేటప్పుడూ అంటారు. ఈ పిచ్చిమొహాలు మాత్రం నిజంగానే అనుకున్నారు.

అప్పుడు ఏడుకొండలు పాత రంగంతా గీకాడు. గీకి గీకి వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆ తర్వాత బల్లల సందుల్లో లప్పం కూరి, నూనె పట్టించాడు. ఆ తర్వాత నీలం రంగు వేశాడు, మూడు పూతలు. మాణిక్యం అంత పొట్టేసుకుని కిటికీ చువ్వలకి తనే తెల్లరంగు వేసింది. ఇల్లు కొత్త పడవలా తయారైంది.

పడవకి రంగు పూర్తయితే చివర్లో పేరు రాయడం వాళ్ళ ఆనవాయితీ. మరి చెయ్యి ఊరుకోదుగా! గుమ్మం పైన ఎర్రగా "మాణిక్యం" అని రాశాడు. ఆ పేరుకేసి చూసి మాణిక్యం ఏడ్చేసింది. సంతోషంతోనేలే.

ఆ తర్వాత ఆడపిల్ల పుట్టింది. పురిటిస్నానం అయిన మర్నాడే భద్రంగారు అల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ ఇంటి చుట్టూ తిరిగి చూశారు.

"మావాడికి నచ్చిందయ్యా. నెలాఖరుకి ఖాళీ చెయ్యండి" అన్నాడు భద్రంగారు.

"అదేంటండీ! నా ఇల్లే అనుకోమన్నారు కదండీ?" అన్నాడు ఏడుకొండలు.

"అనుకోమన్నాను. ఇప్పుడు వద్దన్నానా? ఎక్కడున్నా అనుకో. వెళ్ళేముందు ఆ పేరు మాత్రం చెరిపెయ్."

అప్పుడు డబ్బా అడుగున మిగిలిన నీలంతో ఏడుకొండలు పెళ్ళాం పేరు మీద తనే రంగు పూశాడు. ఎర్రరంగు ఓ పట్టాన పోదు. మూడుసార్లు పూయాల్సొచ్చింది. మాణిక్యం చంటిదాన్ని చంకనేసుకుని, కింద నిచ్చెన పట్టుకుంది. ఈసారి ఏడవలేదు.

ఆ తర్వాత భద్రంగారికి ఏదో అయిందని చెప్పాలని నాకూ ఉంది. ఏమీ కాలేదు. ఆయన అల్లుడు ఆ నీలం ఇంట్లో సుఖంగానే ఉన్నాడు. మాణిక్యం చంటిదానితో నాలుగో గుమ్మం వెతుక్కుంటూ పోయింది.

ఏంటీ, మరి మన ఇల్లు ఎవరిదంటావా?

కథేమో కంచికి, మనమేమో మంచానికి.
ఇల్లు మనదే అనుకో, కళ్ళు మూసి పడుకో.