మిగిలిపోయిన తాటాకు

ఒకానొక రాజ్యంలో, కంకణగిరి అనుకోండి, ఉదయమార్తాండుడనే రాజుగారు ఉండేవారు. ఆయన మీసం మీద పెట్టిన శ్రద్ధ రాజ్యం మీద పెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఏడాదికొకసారి అక్కడ ప్రశ్నల కొలువు జరిగేది. ఊళ్ల తరఫున వచ్చిన సభ్యులు ముందురోజే ప్రశ్నలు రాసిచ్చేవారు. లేఖకులు జవాబులు తాటాకుల మీద రాసి, వరుసగా పేర్చి రాజుగారి చేతిలో పెట్టేవారు. పొడుగు మాటలు ఆయనకు గిట్టవు గనుక జవాబులో పని పేరు కూడా ఉండదు, 'మీరడిగిన విషయం' అనే ఉంటుంది. సభ్యుడు అడుగుతున్నంతసేపూ రాజుగారు అద్దంలో మీసం దువ్వుకునేవారు. అడగడం ఆగగానే పై ఆకు చదివేవారు. చదివింది రాగిరేకుకెక్కితే శాసనమే.

ఏటి అవతలి ఊళ్ల సభ్యుడు నీలాచలం మూడేళ్లుగా వంతెన అడుగుతున్నాడు. మూడేళ్లుగా ఒకటే జవాబు: "పరిశీలిస్తున్నాం." పోయిన వానాకాలం అతని చెల్లెలు గౌరాంబకు నొప్పులొస్తే మంత్రసాని ఇవతలి గట్టునే చిక్కుకుపోయింది. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు గౌరాంబకు మళ్లీ ఆరో నెల. నీలాచలానికి కడుపు మండిపోయింది, మండదా మరి.

ఈసారి అయిదు ప్రశ్నలు. మొదటిది సరిహద్దు సభ్యుడు సింగరప్పది, దొంగల గురించి. అయిదోది నీలాచలానిది. దానికి ముందుది రాజుగారే అడిగించుకుంటున్న నాట్యమండపం సంగతి. ఈ వరుస చూడగానే నీలాచలం కళ్లు మెరిశాయి. సింగరప్ప దొంగలు మొన్ననే దొరికిపోయారని అతనికి తెలుసు. వెళ్లి చెవిలో ఏదో ఊదాడు. తెల్లారి సింగరప్ప వంతు రాగానే ఆనవాయితీ ప్రకారం తాంబూలం పుచ్చుకుని, ఏమీ అడక్కుండా కూర్చున్నాడు. రాజుగారు అద్దంలోంచి తలెత్తితేగా! పై ఆకు పైనే ఉండిపోయింది.

రెండో సభ్యుడు లేచి, పట్టపుటేనుగుకు కళ్లు పుసులు కడుతున్నాయి, ఏం చేస్తారని అడిగాడు. రాజుగారు గంభీరంగా చదివారు. "పట్టుకుని తల గొరిగించి, గాడిద మీద ఊరేగిస్తాం."

సభ గుడ్లు తేలేసింది. నవ్వితే తల ఉండదు గనుక అందరూ ఉత్తరీయాలు నోట్లో కుక్కుకున్నారు. ఆ నిశ్శబ్దాన్ని రాజుగారు భక్తి అనుకున్నారు, పాపం.

ఆడపిల్లల బడికి పంతుళ్లు లేరని మూడో సభ్యుడు వాపోయాడు. రోజుకు రెండు బండ్ల చెరకు పెట్టి, ఏట్లో దొర్లించి ఇటుకరాయితో తోమించమని జవాబు వచ్చింది. నాట్యమండపం అడిగిన భజనపరుడికేమో, పంతుళ్లను పంపిస్తున్నాం, అల్లరి చేస్తే గోడకుర్చీ వేయించండని వచ్చింది. ఆయన దిమ్మెరపోయి కూర్చున్నాడు. చివరికి నీలాచలం లేచి వంతెన అడిగాడు.

రాజుగారి గొంతు తీపెక్కింది. "మీరడిగిన విషయం మా మనసుకు దగ్గరిది. రేపే పని మొదలు. రెండు వందల మంది రాతిపనివాళ్లు, మా సొంత గని రాయి. శ్రావణం లోపల పూర్తి."

లేఖకుడు రాగిరేకు మీద టకటకా చెక్కేశాడు. అప్పుడు చూసుకున్నారు రాజుగారు, చేతిలో ఇంకో ఆకు మిగిలింది. ఎవరిదిదని గద్దించారు.

"నాదే ప్రభూ," అన్నాడు నీలాచలం. "మూడేళ్లుగా విని కంఠతా వచ్చేసింది. ఈసారి చదవక్కర్లేదు."

జరిగినదంతా లేఖకుడి చేత చదివించుకునేసరికి రాజుగారి మొహం కందగడ్డయింది. రేకు కొట్టేయమన్నారు.

"అలాగే ప్రభూ," అన్నాడు నీలాచలం చేతులు కట్టుకుని. "కాకపోతే కొట్టేసినప్పుడు కారణం పక్కనే చెక్కాలని తమ తాతగారు పెట్టిన నియమం. 'రాజుగారు ప్రశ్న వినలేదు' అని చెక్కించమంటారా? ముందు ఆ ఏనుగును గాడిద మీంచి దించమంటారా?"

రాజుగారి మీసం అదిరింది. అందరూ నీలాచలం పని అయిపోయిందనే అనుకున్నారు. ఆ అదురు పెదవికి పాకి, పెదవినుంచి పొట్టకు పాకి, రాజుగారు సింహాసనం మీద పడీ పడీ నవ్వారు. ఉత్తరీయాలు ఊడిపడ్డాయి, సభంతా ఘొల్లుమంది. భజనపరుడు కూడా నవ్వేశాడు, గోడకుర్చీ తప్పినందుకు కాబోలు.

రాజుగారు కళ్లు తుడుచుకుని, మెడలో ముత్యాలహారం తీసి నీలాచలం మెడలో వేశారు. అద్దాన్ని పక్కన పెట్టించి, మిగతా ప్రశ్నలన్నీ మళ్లీ అడగమన్నారు, ఈసారి చెవులొగ్గి విన్నారు. వంతెన జోలికి మాత్రం పోలేదు.

శ్రావణంలో ఏరు పొంగింది. మంత్రసాని చెప్పులు తడవకుండా అవతలికి నడిచి వెళ్లింది.