మా బీరులో చేదు తగ్గించిన విధం

యానాంలో తెలివైన ఇల్లు ఏదని ఎవరడిగినా మా ఇల్లే చూపిస్తాం. ఎవరూ అడగరు గనక మేమే వెళ్ళి చెప్పొస్తుంటాం. ఇంట్లో అందర్లోకీ తెలివైనవాణ్ణి నేను. నాకంటే ఓ పిసరు తక్కువ మా అన్నయ్య గవర్రాజు. మా వదిన మంగతాయారుకి మాత్రం బొత్తిగా తెలివి లేదు. మేం ఏం చెప్పినా నవ్వుతుంది.

మా కొండలరావు మామయ్యకి రేవు పక్కన బారుంది. ఓ రోజు అన్నయ్యని పిలిచి, "ఇంట్లో బీరు కాచి చూపించరా. చేదు సరిగ్గా కుదిరితే బారు నీకప్పగిస్తా. కుదరలేదో, మీ బావమరిది రొయ్యల చెరువుకి కాపలా పోవడమే" అన్నాడు.

అన్నయ్యకి రొయ్యలంటే భయం. మీసాలున్నవాళ్ళందరంటేనూ భయమే.

మామయ్య ఓ సంచీడు ఎండుపూలు ఇచ్చాడు. "వీటిని హాప్స్ అంటారు. బార్లీ తీపినీళ్ళు మరిగేటప్పుడు వెయ్యాలి. ముందు వేసినవి మరిగి మరిగి చేదిస్తాయి. ఎంతసేపు మరిగితే అంత చేదు. ఆఖర్న వేసినవి చేదివ్వవు, వాసనిస్తాయి. తెలిసిందా?"

"ఇంత విడమర్చి చెప్పాలా మామయ్యా, మేమేం పిచ్చివాళ్ళమా?" అన్నాను. ఆయన ఇంకోసారి మొదట్నుంచీ విడమర్చాడు. పెద్దమనిషి.

పెరట్లో పొయ్యి మీద గుండిగ పెట్టాం. బార్లీ తీపినీళ్ళు మరిగాయి. ఇంకేముంది, అన్నయ్య గుప్పెడు పూలు వేశాడు. "ఇవి ముందువి. ఇక ఆఖరివి" అంటూ ఇంకో గుప్పెడు తీశాడు.

"ఆగన్నయ్యా. సంచిలో ఇంకా ఉన్నాయిగా. ఇవి ఆఖరివెలా అవుతాయి?"

"నిజమేరా" అని అవీ ముందే వేసేశాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ ఆపాను. అలా సంచి అడుగున ఒకే ఒక్క పువ్వు మిగిలేదాకా నా తెలివి పనిచేస్తూనే ఉంది.

"ఇదీ ఆఖరిదంటే" అన్నాను.

"ఆ ఒక్కటీ ఇటివ్వండి, జడలో పెట్టుకుంటాను" అంది వదిన.

పొయ్యి ఆర్పే ముందు ఆ పువ్వు భక్తిగా వేసి, గరిటెడు నోట్లో పోసుకున్నాడు అన్నయ్య. కళ్ళు రెండూ ముక్కు దగ్గరికొచ్చి కలుసుకున్నాయి.

"చేదుందా?"

తలూపాడు.

నేను ఆలోచించాను. మరిగితే చేదెక్కుతుందంటే, చల్లబడితే దిగాలి కదా? అంతే, ఐసు దిమ్మల మధ్య గుండిగ దించి, మరిగినంతసేపూ చల్లబరిచాం. చల్లటి చేదు తయారైంది. పోయిన చేదు అందులోకెక్కిందేమోనని ఐసు కూడా నాకి చూశాం.

మామయ్యకి ఫోన్ చేస్తే, "చల్లారిందిగా, పులియడానికి ఈస్టు చల్లి మూతపెట్టి చీకట్లో ఉంచండి. కదపకండి" అన్నాడు.

కదపకుండా గుండిగ చీకట్లోకెలా వెళ్తుంది? చీకటే దాని దగ్గరికి రావాలి. ఇంట్లో దుప్పట్లన్నీ, ఆ పైన వదిన చీరలన్నీ గుండిగ చుట్టూ కట్టేశాం.

"నన్నేం కట్టుకోమంటారు?" అంది వదిన.

"బీరు పులిసేదాకా ఓపిక పట్టు" అన్నాడు అన్నయ్య. వదిన పుట్టింటికెళ్ళి ఓపిక పట్టింది.

పులిసింది. మామయ్యొచ్చాడు, వెనకే వదినా వచ్చింది. ఆయన ఒక్క గుక్క నోట్లో పోసుకుని గోడ మీదికి ఊసేశాడు. గోడకి కూడా చేదు తగిలినట్టే ఉంది.

"ఒరే, ఈ చేదు విరగాలంటే గోదావరంతా కలపాల్రా."

"కలిపితే బారిస్తావా మామయ్యా?"

"కలుపు నాయనా, తప్పకుండా ఇస్తా" అంటూ పుక్కిలించడానికి నూతి దగ్గరికెళ్ళాడు.

అంతే, గుండిగ మోసుకుని రేవుకి పరిగెత్తి బీరంతా గోదావరిలో దింపేశాం. అన్నయ్య పడవెక్కి తెడ్డుతో బాగా కలిపాడు. దోసిలితో తాగి చూశాం. చేదన్న మాట లేదు.

వెనకాలే వచ్చిన వదిన, "మరి బీరేదీ?" అంది.

"కనపడట్లా? ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా బీరే" అన్నాడు అన్నయ్య.

మామయ్య బారు తాళాలు తెస్తాడని అన్నయ్య రేవులోనే కూర్చున్నాడు. ఈతకొచ్చిన పిల్లల్ని, ఇది మీరు ముట్టేది కాదంటూ తరిమేస్తున్నాడు. మూత లేకపోతే నురుగు పోతుందని నన్ను గిన్నెల కొట్టుకి పంపాడు. కొట్టతను ఎంత వెడల్పు మూత కావాలన్నాడు. కొలిచి చెబుతానన్నాను. టేపు రెండో కొస పట్టుకోవడానికి అవతలి ఒడ్డున ఎవరైనా కనిపిస్తారేమోనని చూస్తున్నాను.